సవతి పేరు

బిడ్డ తల తడవలేదు!

టోపీ తీసి చూశాను. నుదురు పొడి, జుట్టు పొడి, మెడ చుట్టూ ఉన్న లేసు కూడా పొడే. పొద్దున నేను వేసిన రిబ్బను ముడి వేసినట్టే ఉంది. బాప్తిస్మానికని సముద్రపు పాయ దాటించి చర్చికి తీసుకెళ్ళిన పిల్లని ఎలా తీసుకెళ్ళారో అలాగే తెచ్చి నా ఒళ్ళో పడేశారు.

"ఇదేంటత్తా? నీళ్ళు పొయ్యలేదా?" అన్నాను.

మా అత్త ఇంగెబోర్గ్ నిలబడ్డ చోటే శాలువా విప్పి నేలమీద పారేసింది. ఆవిడ తన శాలువాని నేలకి తగలనివ్వడం నేనెప్పుడూ చూడలేదు. విసవిసా గోడ దగ్గరికి వెళ్ళి, మేకుకి వేలాడుతున్న గొర్రెల కత్తెర తీసుకొచ్చి ఉయ్యాల్లో దుప్పటి కింద పెట్టింది.

ఆ కత్తెర పొద్దున ఆవిడే తీసి మేకుకి తగిలించింది. "ఇంక దీంతో పనిలేదు, మధ్యాహ్నానికి పిల్ల దేవుడిదైపోతుంది" అని నవ్వుతూ మరీ తగిలించింది. నీళ్ళు పడని బిడ్డ పక్కన ఇనుము లేకపోతే కొండ కింద ఉండే మాయమనుషులు వచ్చి మన బిడ్డని ఎత్తుకుపోయి వాళ్ళ బిడ్డని పెట్టేస్తారు కదా. అది మళ్ళీ ఉయ్యాల్లోకి పోయేసరికి పిల్లని ఇంకా దగ్గరికి తీసుకున్నాను.

"అత్తా, నిన్నే! ఏమైంది చెప్పు."

"ఏమవ్వాలింక? పరువు పోయింది. ఊరందరి ముందూ పోయింది. ఆ ముసలిది నోరు విప్పలేదు!"

"ఎవరు? ఓలినా పెద్దమ్మా?"

"ఇంకెవరు? పిల్లని ఎత్తుకున్నది ఆవిడేగా!"

పొయ్యి దగ్గర మీగడ జావ కలుపుతున్న బెర్గిత గరిట ఆపేసింది. పక్కింటి బెర్గిత నాకు తోడుగా ఉండిపోయింది. బాలింతని కదా, పాస్టరుగారు వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేదాకా నేను చర్చి గడప తొక్కకూడదు. సొంత కూతురికి పేరు పెడుతుంటే తల్లి ఇంట్లో కూర్చుని జావ అడుగంటకుండా చూసుకోవాలి. ఎవడు పెట్టాడో ఈ పద్ధతి, వాడు మాత్రం పిల్లల్ని కని ఉండడు.

"సరిగ్గా చెప్పు అత్తా."

"బాప్తిస్మం తొట్టి దగ్గర నిలబడ్డాం. పాస్టరుగారు 'బిడ్డ పేరేమి?' అన్నారు. చప్పుడు లేదు. మళ్ళీ అడిగారు. నేను మోచేత్తో పొడిచాను. ఊహూఁ. గొంతు పట్టేసిందేమో పాపం, నేనే చెబుదామని నోరు తెరిచాను. 'గున్' అన్నానో లేదో, పిల్లని ఒక చేత్తో గుండెకి అదుముకుని రెండో చేత్తో నా నోరు మూసేసింది! చర్చిలో! పాస్టరు ముందు!"

"అయ్యో దేవుడా! మీ నోరే?" అంది బెర్గిత.

మా అత్త నోరు మూయించిన మనిషి ఈ పాయకి అటు పక్కగానీ ఇటు పక్కగానీ ఇంతవరకూ పుట్టలేదు. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని. నవ్వు రాలేదు.

"పాస్టరుగారేమన్నారు?"

"ఏమంటారు? పుస్తకం మూసేశారు. 'ఇంట్లో తేల్చుకుని వచ్చే ఆదివారం రండి' అన్నారు. వెనక బల్లలమీద గుసగుసలు. నా జన్మలో అంత తల దించుకోలేదే అమ్మాయ్!"

"మా ఆయనేడీ?"

"ఒడ్డున. ఆవిడ పడవ దిగనంటోంది. బతిమాలుతున్నాడు."

కిటికీలోంచి చూశాను. విందుకొచ్చే చుట్టాల పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకి తగులుతున్నాయి. పండగ బట్టల్లో దిగి, ఎటు నడవాలో తెలీనట్టు రాళ్ళమీదే నిలబడిపోతున్నారు. మా పడవలో మాత్రం ఓలినా పెద్దమ్మ నల్లముసుగు కప్పుకుని కూర్చునే ఉంది. మా ఆయన ఎలియాస్ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఆవిడతో ఏదో అంటున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండదు? ఆ పేరు నేనడిగిందా?

గున్‌హిల్డ్! మా ఆయన మొదటి పెళ్ళాం. నేను కంటితో చూడని నా సవతి. దీవిలో మేస్తున్న గొర్రెల్ని తెస్తానని ఒంటరిగా పడవేసుకుని వెళ్ళింది. పడవ దొరికింది, ఒక తెడ్డు దొరికింది, మనిషి దొరకలేదు. ఏళ్ళు గడిచాక ఆవిడ పోయినట్టేనని పై అధికారులు తేల్చారు, ఎలియాస్ నన్ను చేసుకున్నాడు. మా దగ్గర రెండో పెళ్ళాం కడుపున పుట్టిన మొదటి ఆడపిల్లకి పోయిన పెళ్ళాం పేరే పెట్టాలి. ఆ పేరు పోయినదాని కన్నతల్లి నోటితో చెప్పిస్తే ఇంకా మంచిదంటారు. అందుకే గున్‌హిల్డ్ తల్లి ఓలినా పెద్దమ్మ, చర్చిలో బిడ్డని ఎత్తుకునే జ్ఞానతల్లి అయింది.

పెళ్ళప్పుడే తెలుసు నాకు. కానీ కడుపులో పిల్ల కదలడం మొదలెట్టాక ఒప్పుకోలేకపోయాను. తెల్లారి లేచి సవతిని పేరు పెట్టి పిలిచి పాలివ్వాలా? 'గున్‌హిల్డ్, ఇలా రా, ముక్కు తుడుస్తాను' అనాలా? చలికాలమంతా ఇంట్లో అదే రభస.

ఇల్లిల్లూ తిరిగి చదువు చెప్పే పంతులు క్రిస్మస్ తర్వాత మా ఇంట్లో మకాం పెట్టినప్పుడు, మా అత్త ఆయన్ని తన పక్షానికి లాగాలని చూసింది. "పంతులుగారూ, గున్‌హిల్డ్ ఎంత గొప్ప పేరో ఈ అమ్మాయికి చెప్పండి" అంది.

ఆయన పైపు వెలిగించుకుని చెప్పాడు. గున్ అంటే పాతకాలపు మాటల్లో యుద్ధమట. హిల్డ్ అన్నా యుద్ధమేనట. రాజుల ఇళ్ళలో రాణులకి ఉండేదట ఆ పేరు. "యుద్ధం మీద యుద్ధం ఏమిటండీ?" అంటే, పూర్వం తండ్రివైపు పెద్దల పేర్లలోంచి ఒక ముక్క, తల్లివైపు వాళ్ళ పేర్లలోంచి ఒక ముక్క తీసి అతికించేవాళ్ళట. రెండు వైపులవాళ్ళూ పిల్లలో నిలబడితే చాలు, అతికాక అర్థం ఏమైందని ఎవరూ చూసుకునేవాళ్ళు కాదట.

"ఈ ఇంటికి ఒక యుద్ధం చాల్లేదా, రెండు కావాలా?" అన్నాను నేను.

పంతులు పొగ గొంతుకడ్డం పడేదాకా నవ్వాడు. మా అత్త మొహం గంటుపెట్టుకుంది. "పేరు పెట్టేది అర్థం కోసం కాదే. పోయిన మనిషిని లేపడం కోసం. అది నా కలలోకొచ్చి పేరడిగింది. తడిజుట్టుతో గుమ్మంలో నిలబడి అడిగింది" అంది.

దానికేం చెప్పగలను? పోయినవాళ్ళు పేరు కోసం కలలోకి వస్తే ఇవ్వనని ఎవరనగలరు? అయినా అన్నాను. మంకుపట్టు పట్టాను. ఎలియాస్ తన తల్లి పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు. "మారెన్‌కి ఇష్టం లేకపోతే వదిలెయ్యి అమ్మా" అనేవాడు. నామీద ఎంత ప్రేమో అనుకుని మురిసిపోయాను.

చివరికి నన్ను కరిగించింది ఓలినా పెద్దమ్మే. పురుడొచ్చిన వారానికి నాకు జావ తీసుకొచ్చింది. పిల్లని చూసి ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక నేనే, ఎవరూ అడక్కుండానే, "పెద్దమ్మా, నీ కూతురి పేరే పెడతాం" అన్నాను. ఆవిడ తలెత్తి నావైపు చూసింది. పాపం, సంతోషం పట్టలేకపోతోంది అనుకున్నాను.

ఇప్పుడేమో నలుగురిలో నా బిడ్డని పేరు లేకుండా పంపేసింది. ఎందుకు? రెండో పెళ్ళాం కూతురు ఆ పేరుకి తగదనా?

తలుపు తోసుకుని ఎలియాస్ వచ్చాడు. బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఓలినా పెద్దమ్మని జబ్బ పట్టుకుని తీసుకొచ్చి బల్లమీద కూర్చోబెట్టాడు. వాళ్ళ వెనకే చుట్టాలు ముందుగదిలోకి చేరారు. కుర్చీల చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. అందరూ చెవులు రిక్కించి కూర్చున్నారని తెలుస్తూనే ఉంది.

ఎవరో పెద్దాయన గొంతు మాత్రం వినపడింది. "పేరు పడని పిల్ల విందులో జావ తినొచ్చా, తినకూడదా?"

"బెర్గితా, వెళ్ళి వాళ్ళకి కాఫీ పొయ్యి. తలుపు దగ్గరికి వేసి వెళ్ళు" అంది మా అత్త.

బెర్గితకి వెళ్ళడం సుతరామూ ఇష్టంలేదు. వెళ్ళింది.

తలుపు మూసుకోగానే మా అత్త అందుకుంది. "ఇప్పుడు చెప్పు వదినా. నీకేం తక్కువ చేశాం? మా పిల్లని నీ చేతుల్లో పెట్టాం. చర్చిలో ముందు బల్ల మీద కూర్చోబెట్టాం. పదిమందిలో నా నోరు మూస్తావా?"

ఓలినా పెద్దమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది.

"పెద్దమ్మా" అన్నాను. "నామీద కోపమా?"

"నీమీద నాకెందుకమ్మా కోపం?"

"మరి నా బిడ్డ ఏం పాపం చేసింది? నువ్వు ఏడుస్తుంటే చూడలేక ఒప్పుకున్నాను. నీ కోసమే ఒప్పుకున్నాను!"

"అదే కదమ్మా నా ఖర్మ!" అంది. "నువ్వు మొండిదానివి, ప్రాణం పోయినా ఆ పేరు పడనివ్వవని గుండె మీద చెయ్యి వేసుకుని ఉన్నాను. నువ్వు ఒప్పుకుంటావని నేను కలలో కూడా అనుకోలేదు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా అత్తకీ కాలేదు.

"ఏం మాటలవి? నీ కూతురి పేరు నిలబడటం నీకే ఇష్టం లేదా? ఆ పిల్ల పేరు కోసం అల్లాడిపోతోంది వదినా! నా కలలోకొచ్చింది. తడిజుట్టుతో వచ్చింది!"

ఓలినా పెద్దమ్మ అప్పుడు తలెత్తింది.

"తడిజుట్టుతోనా?"

"ఆఁ! ఇక్కడే, ఈ గుమ్మంలోనే!"

"నీ కలలోకి ఎవరొచ్చారో నాకు తెలీదు వదినా. నా కూతురు మాత్రం రాలేదు. పేరు కోసం చచ్చినవాళ్ళే వస్తారు."

 ఉయ్యాల్లో పడుకోబెట్టిన పిల్ల చిన్నగా తుమ్మింది.

"అంటే?" అన్నాను. "అంటే ఏంటి పెద్దమ్మా?"

"బతికుంది. నా కళ్ళతో చూశాను. ఉత్తరాన నా కొడుకింటికి వెళ్ళొచ్చానే, అప్పుడు. నన్ను చూసి ఇద్దరు మనుషుల వెనక నక్కింది. పట్టుకున్నాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. వేశాను. నీ పెళ్ళి సంగతి తెలుసు, నీ కడుపులో పిల్లున్న సంగతీ తెలుసు, నోరు కట్టేసుకుని కూర్చున్నాను. ఇవాళ ఆ పేరు చెప్పేద్దామనే వెళ్ళాను చర్చికి. 'గున్‌హిల్డ్' అనేద్దాం, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కానీ ఆ నీళ్ళ ముందు నిలబడ్డాక నావల్ల కాలేదు. బతికున్నదాని పేరు తీసి ఇంకొకరికి ఇస్తే అది బతుకుతుందా? తల్లినమ్మా నేను. నా చేత్తో నా పిల్లని నీళ్ళలో ముంచనా?"

 మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. బతికుంది. గున్‌హిల్డ్ బతికుంది. అయితే నేనెవర్ని?

నా వేలికి ఉంగరముంది. పెళ్ళి ప్రమాణాలు అదే పాస్టరుగారు అదే చర్చిలో చేయించారు. అవన్నీ ఉత్తివేనా? మొదటిది బతికుండగా రెండోది పెళ్ళామెలా అవుతుంది? ఉంచుకున్నది అవుతుంది. ఉయ్యాల్లో ఉన్నదాన్ని ఏమంటారో ఆ మాట నేను నోటితో అనలేను. రేపు బళ్ళో పిల్లలు అంటారు.

"అబద్ధం!" అంది మా అత్త. మాటలో సత్తువ లేదు. మూడేళ్ళ పిల్లలా అంది. "అబద్ధం వదినా. మేం ఏడ్చాం. చావు గంటలు కొట్టించాం."

"నాచేతా కొట్టించావు. నేనూ ఏడ్చాను."

"ఎందుకెళ్ళింది? ఈ ఇంట్లో దానికేం తక్కువైంది?"

ఓలినా పెద్దమ్మ మా అత్త మొహంలోకి చూసింది. "నన్నడుగుతావా వదినా?" అంది. మా అత్త చూపు తిప్పుకుంది.

కానీ మా అత్త మా అత్తే. ఏడుస్తూ కూర్చునే రకం కాదు. గబగబా అలమర తెరిచి రాగి గిన్నె తీసింది. కూజాలో నీళ్ళు ఒంపింది. నా ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మాయ్, విను. పిల్లకి ఊపిరాడలేదు, మొహం నీలంగా అయిపోయింది, పాస్టరుగారి దాకా పోయే వేళ లేదు. అర్థమైందా? ప్రాణం మీదికొస్తే ఎవరైనా నీళ్ళు పొయ్యొచ్చు. నువ్వు పొయ్యి. ఆ పేరే పెట్టు. పేరు పడిందంటే అది పోయినట్టే. పోయినదాని గురించి ఊళ్ళో ఎవడూ అడగడు. నువ్వు పెళ్ళానివే, ఇది మా ఇంటి పిల్లే. నేను సాక్ష్యం చెబుతాను."

పెళ్ళయిన దగ్గర్నుంచి ఏ విషయంలోనూ మా ఇద్దరికీ పడలేదు. ఉప్పు దగ్గర పడలేదు, ఉన్ని దగ్గర పడలేదు. ఇప్పుడు ఆవిడ గిన్నె పట్టుకుని నా పక్కన నిలబడింది. నా చేతిని తన చేతిలోకి తీసుకుంది కూడా.

"వద్దు!" ఓలినా పెద్దమ్మ బల్ల మీంచి జారి నేలమీద మోకాళ్ళ మీద పడింది. "వద్దు తల్లీ. దాన్ని చంపకు. నీకూ ఆడపిల్ల ఉంది. వద్దు."

నిజం చెప్పేస్తాను. నాకు జాలి కలగలేదు. ఇన్నాళ్ళూ ఏ పేరు వద్దని ఏడ్చానో, ఆ పేరు ఇప్పుడు నాకు తిండికంటే నిద్రకంటే ఎక్కువగా కావాలి. ఒక్క మాట, అంతే. నా బిడ్డకి తండ్రి ఉంటాడు, నాకు ఇల్లుంటుంది. ఎక్కడో ఉత్తరాన ఒక మనిషికి ఏమైతే నాకేం? ఏమీ కాకపోవచ్చు కూడా. అన్నీ ముసలాళ్ళ నమ్మకాలు.

ఉయ్యాల్లోంచి పిల్లని తీసుకున్నాను. ఎడంచేత్తో ఎత్తుకున్నాను. కుడిచెయ్యి గిన్నెలో ముంచాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

"మారెన్" అన్నాడు ఎలియాస్.

తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. అంతసేపూ అతను అక్కడున్నాడన్న సంగతే మర్చిపోయాను.

"మారెన్, ఆ పేరు పెట్టకు."

"మరేం పెట్టమంటావు?"

అతను నావైపు చూడనుకూడా లేదు. నేలమీదున్న ముసలావిడ దగ్గరికి వెళ్ళి, వంగి, ఆవిడ భుజాలు పట్టుకుని లేపాడు. చాలా మెల్లగా అడిగాడు.

"అత్తా, ఇంకా ఆ ఉప్పుచేపల కొట్లోనే పనిచేస్తోందా?"

"లేదు నాయనా, అది మానేసింది. చేతులు పుళ్ళు పడుతున్నాయని ఇప్పుడు వలలు అల్లే చోట..." అంటూ ఆవిడ ఆగిపోయింది.

నేనూ ఆగిపోయాను. గిన్నెలో చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఉప్పుచేపల కొట్టు సంగతి ఆవిడ మాకు చెప్పలేదు. ఉత్తరాన అంది, అంతే.

"నీకు తెలుసు" అన్నాను.

ఎలియాస్ కళ్ళు మూసుకున్నాడు.

"ఎప్పుడు చూశావు?"

"మారెన్..."

"ఎప్పుడు?"

"పోయిన వసంతంలో. చేపల వేటకి వెళ్ళినప్పుడు. ఉప్పు కొనడానికి ఒడ్డుకి దిగాం. ఎదురుగా ఉంది."

పోయిన వసంతం. అప్పటికి ఈ పిల్ల నా కడుపులో పడలేదు. అతను ఆ వేట నుంచి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నాకు నీలం తలగుడ్డ తెచ్చాడు. నేను ఒడ్డుదాకా పరిగెత్తుకుంటూ వెళ్ళాను.

"తెలిసీ ఇంటికొచ్చావు. తెలిసీ నా పక్కన పడుకున్నావు."

"ఏం చెయ్యమంటావు చెప్పు? నీకు చెబితే ఏమయ్యేది? నువ్వు వెళ్ళిపోయేదానివి."

"వెళ్ళిపోయేదాన్నే! పెళ్ళికాని పిల్లలా మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. ఒళ్ళో బిడ్డ లేకుండా వెళ్ళేదాన్ని! నాకోసం కాదన్నమాట! 'ఇష్టం లేకపోతే వదిలెయ్యి అమ్మా' అన్నావే, అది నా ఇష్టం చూసి కాదు. దాని ప్రాణం చూసి!"

"అరవకు. బయట అందరూ ఉన్నారు" అంది మా అత్త.

"ఉండనీ!"

పిల్ల ఉలిక్కిపడింది. భుజాన వేసుకుని వీపు తట్టాను. ఒక్క విషయం తెలియాలి నాకు. అది తెలిస్తే చాలు, తతిమ్మాది ఎలాగైనా భరిస్తాననుకున్నాను. అదొక పిచ్చి.

"దాంతో మాట్లాడావా?"

"మాట్లాడాను."

"ఏమంది?"

"రానంది."

ఆ మాట అన్నాక అతనికే తెలిసింది ఏమన్నాడో. పెదవి కొరుక్కున్నాడు. మా అత్త గిన్నె బల్లమీద పెట్టేసింది.

"రానందా?" అన్నాను. "అయితే నువ్వు రమ్మన్నావన్నమాట."

కాదంటాడని ఎదురుచూశాను. సిగ్గులేకుండా ఎదురుచూశాను. అబద్ధమైనా చెప్పి ఉంటే, ఆ గున్‌హిల్డ్ పేరే పెట్టి, కళ్ళు మూసుకుని, ఈ ఇంట్లోనే ముసలిదాన్నయ్యేదాన్నేమో. అతను తడిబూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

మా అత్త నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, అవన్నీ తర్వాత. ముందు పేరు. ఆ పేరు పడితే ఏదీ లేదు. పిల్ల మొహం చూసి ఆ పని కానిచ్చెయ్యి."

"కానిస్తాను అత్తా" అన్నాను.

గిన్నె తీసుకున్నాను. పిల్లని భుజం మీంచి చేతిలోకి దించుకున్నాను. ఓలినా పెద్దమ్మ నా గౌను అంచు పట్టుకోబోయింది. నేను పక్కకి జరిగి, కాలితో తలుపు తోశాను.

తలుపుకి చెవి ఆనించి ఉన్న బెర్గిత వెనక్కి తూలింది. కాఫీ గిన్నెలు పట్టుకుని చుట్టాలందరూ లేచి నిలబడ్డారు. ఎంతవరకు విన్నారో ఏమో, ఒక్కరూ నా కళ్ళలోకి చూడలేదు. బాలింతని, జుట్టు విరబోసుకుని, కాళ్ళకి జోళ్ళు లేకుండా వాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడ్డాను.

"పిల్లకి పేరు పెడుతున్నాను. అందరూ వినండి" అన్నాను.

గిన్నె వంచి పిల్ల తల మీద నీళ్ళు పోశాను. పిల్ల కెవ్వుమంది.

"మారెన్" అన్నాను. "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామమున నీకు బాప్తిస్మమిచ్చుచున్నాను."

ఎవరి చేతిలోదో గిన్నె కింద పడింది. బెర్గిత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. గదిలో ఉన్న ముసలాళ్ళందరూ నావైపు శవాన్ని చూసినట్టు చూశారు.

"పిచ్చెక్కిందా నీకు?" మా అత్త గుమ్మంలోంచి కేకవేసింది. "బతికుండగా నీ పేరు నువ్వే... ఒసే, అది నీది! ఇచ్చేస్తే నువ్వెక్కడుంటావే? వెనక్కి తీసుకో! నీళ్ళు తుడిచెయ్యి!"

"పోయిన పెళ్ళాం పేరే పెట్టాలన్నావు కదత్తా" అన్నాను. "అదే పెట్టాను."

మా అత్త గుమ్మానికి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. ఎలియాస్ ఆవిణ్ణి దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక, మధ్యలో ఆపాడు.

"మారెన్" అన్నాడు. "మారెన్!"

పిల్ల ఏడుపు ఆపి వెక్కిళ్ళు పెడుతోంది. దాని మొహం అతనివైపు తిప్పాను.

"దానికింకా మాటలు రావయ్యా" అన్నాను. "నీకు జవాబు చెప్పదు."